లోనికి వచ్చు నీరు – బయటకు పోవు నీరు



త్రాగునీటిని గుడ్డతో వడగట్టుట జైన గృహములందు తరతరాల ఆచారము. అది శుభ్రతకు మాత్రమే కాదు, అహింసకు. వడగట్టగా గుడ్డపై నిలిచిన సూక్ష్మజీవులను పారవేయక, ఏ బావి నీటిలోనివో ఆ బావిలోనికే మెల్లగా చేర్చవలెనని పెద్దలు నేర్పిరి. నీరు ఇంటిలోనికి వచ్చునప్పుడు ఇంత శ్రద్ధ! అదే నీరు మురికియై బయటకు పోవునప్పుడు మన శ్రద్ధ ఏమైనది?

సాధువుల అయిదు సమితులలో చివరిది ఉత్సర్గ సమితి. విడువవలసినదానిని ఏ జీవికిని బాధ కలుగని చోట విడువుమని దాని భావము. గృహస్థులు వర్జింపవలసిన పదునైదు కర్మాదానములలో చెరువులను ఎండగట్టుట యొకటి. చెరువును ఎండగట్టుట పాపమైనచో, దానిని విషముచేయుట పాపము కాదా?

మన కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారు నది లేదు, చెరువులే ఆధారము. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకము ద్వారా, బెంగుళూరులో శుద్ధిచేసిన మురుగునీరు 2018 జూన్‌లో మన చెరువులకు రాసాగినది. రోజుకు 44 కోట్ల లీటర్లు లక్ష్యము. అది త్రాగుటకు కాదు, భూగర్భజలము పెరుగుటకు. 2018 జూలైలో లక్ష్మీసాగర చెరువున నురుగు కనబడగా, హైకోర్టు ఆ నీటిని కొంతకాలము ఆపించినది. “ఎవరి మురుగో మా చెరువులోనా?” అని జిల్లావాసులు కలతచెందిరి. న్యాయమే.

కాని పాలారు మన జిల్లా దాటి, కుప్పము ప్రాంతము మీదుగా తమిళనాడులోని వాణియంబాడి, వేలూరుల వైపు పోవును. బెంగుళూరుకు మనము దిగువవారము. వారికి మనము ఎగువవారము. ఆ ప్రశ్ననే వారు మనలను అడిగిన ఏమి చెప్పెదము?

విడిచినది మాయము కాదనుటకు దూరము పోనక్కరలేదు. మన బంగారు గనులు 2001లో మూతపడినవి. బంగారము తరలిపోయినది, సైనైడు మట్టిదిబ్బలు మాత్రము ఇచటనే మిగిలినవి.

మురుగు శుద్ధికేంద్రములో మొదట జల్లెడలు చెత్తను ఆపును. తొట్లలో మడ్డి అడుగున చేరును. పిమ్మట గాలి ఊది పెంచిన సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యమును తినివేయును. నగలకు మెరుగుపెట్టిన ఆమ్లమును మోరీలో పోసినచో ఆ జీవులు చచ్చును. అందు కరగిన లోహములను ఏ జీవియు తిని హరింపజాలదు. అవి దిగువకు పోవును. ఒక్క పోతతో రెండు హింసలు! శుద్ధికేంద్రమునకు చేరని మోరీ అయినచో, అంతయు నేరుగా చెరువునకే.

“నా ఒక్క అంగడి నీరెంత?” అనవచ్చును. మనము వర్తకులము, చిట్టాలో అణా తప్పినను నిదురపోము. పదిమంది చిన్న అప్పులు కలిసియే అంగడి దివాలా తీయునని మనకు తెలియనిదా? దిగువవారి పేర మనము వ్రాయని ఖర్చును వారి పిల్లలు చెల్లింతురు.

కనుక ఈ ఏడాదికి చిన్న నియమము పట్టుదము. మెరుగు ఆమ్లమును, వాడిన నూనెను, రంగునీటిని మోరీలో పోయము; వేరుగా ఎత్తి ఉంచి, వానిని శుద్ధిచేయువారికే అప్పగింతుము. సెప్టిక్ ట్యాంకు ఖాళీచేయు బండివానికి కూలి ఇచ్చుటకు ముందు, “నాయనా, ఇది ఎక్కడ పోసెదవు?” అని అడుగుదము. చెరువు గట్టున పోయువానిని, రూపాయి తక్కువ అడిగినను, పిలువము.

సంవత్సరి నాడు సకల జీవులకు “మిచ్ఛామి దుక్కడం” అని చేతులు జోడింతుము. మన మోరీ చివర నున్న కప్పయు, చేపయు, ముఖమెరుగని రైతుబిడ్డయు ఆ సకల జీవులలోనివారే. ఆ మాట వారివరకు చేరవలెనన్న, ముందు మన నీరు శుభ్రముగా చేరవలెను.

జై జినేంద్ర!