విగ్రహమూ, లెక్కా

విగ్రహాలు ప్రజలకు అన్నం పెట్టవని వాదించేవారిలో నేనూ ఒకణ్ణి. కాని భీమవరంలో 2022 జూలై 4న ఆవిష్కరించిన అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కంచు విగ్రహం ముందు నిలబడినప్పుడు ఆ వాదం చాలదనిపించింది. ప్రజలకు అన్నంతోపాటు జ్ఞాపకమూ కావాలి. తమ కోసం ప్రాణమిచ్చినవాణ్ణి కంటితో చూసుకోవాలనడం మూఢత్వం కాదు. విగ్రహం దేన్ని గుర్తుచేస్తున్నది, దేన్ని మరపిస్తున్నది అన్నదే అసలు ప్రశ్న.

1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనును ముట్టడించింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. చింతపల్లిలో తీసుకున్న ఆయుధాల జాబితాను రాజు స్టేషను రికార్డులోనే వ్రాసి సంతకం చేశాడు. దొంగ రసీదు ఇవ్వడు. ప్రజల పేరిట చేసే పనికి బాహాటంగా లెక్క చెప్పాలన్న నీతి ఆ సంతకంలో ఉన్నది.

మరి రాజు పేరిట మనం చేసే పనికి లెక్క ఏది?

1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి సంకెళ్ళు వేసింది. రోడ్డు పనుల్లో గిరిజనుల చెమటకు తగిన కూలి దక్కలేదు. రాజు రాకముందే ఆ కొండల్లో పితూరీలు జరిగాయి. గాం గంటందొర, గాం మల్లుదొర వంటివారు లేనిదే ఆయన పోరాటమే లేదు. గంటందొర 1924లో నేలకొరిగాడు. మల్లుదొర దీర్ఘకాలం శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ అన్నదమ్ములెవరని నా తరగతిలో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. తప్పు విద్యార్థులది కాదు. ఏళ్ళ తరబడి ఒక్క పేరే చెబుతూ వచ్చిన నాది.

మనిషిని ఎంత ఎత్తున నిలబెడితే అంత ఒంటరివాణ్ణి చేస్తాం. ఒంటరి వీరుడితో పాలకులకు పేచీ లేదు. దండ వేసి దిగిపోవచ్చు. పోడు భూమి అడిగే జనం మధ్య నిలబడ్డ వీరుడితోనే వారికి ఇబ్బంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చిన తర్వాత కూడా పట్టాల కోసం గిరిజనులు కచేరీల చుట్టూ తిరగవలసివచ్చింది.

జనాన్నంతటినీ కంచులో పోతపోయగలమా అని మిత్రులు అడగవచ్చు. అక్కరలేదు. ఏ వీరుని పీఠం మీదనైనా సహచరుల పేర్లూ, పోరాట కారణాలూ చెక్కవచ్చు. అంతవరకూ ఆ పని తరగతి గదిలో జరగాలి. వచ్చే జూలై 4న నా విద్యార్థులతో ముందు గంటందొర, మల్లుదొరల పేర్లు చెప్పిస్తాను. దండ ఆ తర్వాత.