మౌనానికి వెల

స్నేహితుణ్ణి కాపాడటానికి నిజాన్ని దాచవచ్చునా? నీతిశాస్త్రాలు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెబుతాయి. కాని పదిహేనేళ్ళ కుర్రవాడు శాస్త్రాలు చదివి స్నేహం చేయడు.

అమెరికన్ రచయిత్రి ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ చదివినప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ నా ముందుకు వచ్చింది. హైస్కూలులో చదువుకుంటూ ఆమె రాసిన ఈ నవల 1967లో అచ్చయింది. ఒకే ఊళ్ళో రెండు ముఠాలు: పేదపేటల కుర్రవాళ్ళొక వైపు, కార్లలో తిరిగే కలవారి బిడ్డలొక వైపు. పద్నాలుగేళ్ళ పోనీబాయ్‌ను పార్కులోని ఫౌంటెన్ నీళ్ళలో ముంచి ఊపిరాడనీయకపోతే, అతని నేస్తం, పదహారేళ్ళ జానీ, కత్తి తీస్తాడు. కలవారి పిల్లవాడొకడు చనిపోతాడు. మరొక స్నేహితుడు డాలీ డబ్బూ తుపాకీ ఇచ్చి, ఇద్దర్నీ పాడుపడిన చర్చిలో దాగమని పంపుతాడు.

ఇంతవరకు ఉన్నది సాహసం. నీతి ప్రశ్న తరువాత వస్తుంది. కొద్దిరోజులకు జానీయే వెనక్కు వెళ్ళి లొంగిపోతానంటాడు. తన మూలంగా పోనీబాయ్ అన్నలు బెంగపడటం న్యాయం కాదంటాడు. డాలీ వద్దంటాడు, జైలు మనిషిని ఎలా బండబారుస్తుందో అతనికి తెలుసు. ఇద్దరిదీ స్నేహమే. కాని డాలీ మిత్రుడి క్షేమం ఒక్కటే చూస్తాడు. జానీ తన పనికి ఇతరులు చెల్లిస్తున్న వెలను కూడా చూస్తాడు.

మనకు స్నేహమంటే కర్ణుడు. అంగరాజ్యమిచ్చిన వానికోసం ప్రాణమిచ్చాడు, నిజమే. కాని నిండుసభలో ద్రౌపదిని అవమానిస్తుంటే మిత్రుణ్ణి వారించలేదు సరిగదా, తానూ నోరు పారేసుకున్నాడు. ‘వద్దు’ అనలేని విశ్వాసం స్నేహం కాదు, అప్పు తీర్చడం.

అప్పు నాకూ ఉంది. చిన్నప్పుడు కురబలకోట దగ్గర నేనూ, నా నేస్తమొకడూ ఎవరి చేనులోనో చెనిక్కాయలు పెరికాం. నేను పారిపోయాను, వాడు దొరికాడు. వాళ్ళది కూలి బతుకు. మాకు బావికింద మడి ఉంది. చింతచెట్టు కింద వాణ్ణి కొడుతుంటే జనంలో నిలబడి చూశాను. వాడు నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పుకోలేదు. చాలాకాలం మా ఇద్దరి మౌనమూ ఒకటేననీ, దాని పేరే స్నేహమనీ నమ్మాను. కాదు. వాడి మౌనానికి వాడి వీపే వెల చెల్లించింది. నా మౌనానికీ వాడి వీపే చెల్లించింది. నేను ముందుకు వచ్చి ఉంటే, చేను ఆసామి మా నాయన మొహం చూసి మందలించి పంపేవాడేమో. కాయలు అవే, చేతులే వేరు.

సమాజం పిల్లల తప్పుల్ని ఒకే త్రాసులో తూచదు. కలవారి పిల్లలు చేస్తే అల్లరి, లేనివాళ్ళ పిల్లలు చేస్తే నేరం. అటువంటి లోకంలో బీదపిల్లవాడు న్యాయస్థానం కంటే నేస్తాన్నే ఎక్కువ నమ్మితే, దాన్ని అవినీతి అనే హక్కు ఆ త్రాసు పట్టుకున్నవాళ్ళకు లేదు.

అయినా మన చేతిలో ఒక కొలబద్ద మిగులుతుంది. మౌనానికి వెల ఎవరు చెల్లిస్తున్నారు? తాను చెల్లిస్తే స్నేహం. నేస్తం చేత చెల్లిస్తే పిరికితనం. ఆనాడు చింతచెట్టుకూ నాకూ మధ్య ఉన్నది పదడుగుల దూరం. ఆ పదడుగులు నేను నడవవలసింది.