తర్కవిద్యయు ధర్మవిద్యయు



మన యింటి పిల్లవాడో పిల్లయో విశ్వవిద్యాలయమునకు బయలుదేఱునప్పుడు, ఏ శాస్త్రము చదివిన నెంత జీతము వచ్చునను ప్రశ్న మొట్టమొదట పుట్టుట సహజము. సంసారము నీడ్చుకొనవలసినవారి కది తప్పు ప్రశ్నయు గాదు. కాని, ఏ శాస్త్రము చదివిన మనస్సెట్లు మాఱును, నడత యెట్లు మాఱును అను రెండవ ప్రశ్నను మనము తఱచుగా నడుగము. నేడు మేము మీ యెదుట విచారింపదలచినది యీ రెండవ ప్రశ్నయే. కళాశాలలో తత్త్వశాస్త్రమును గైకొన్న విద్యార్థికి మొదట బోధింపబడునవి తర్కశాస్త్రముయొక్కయు నీతిశాస్త్రముయొక్కయు ప్రాథమిక సూత్రములు. వీనిని గూర్చి పెద్దలు మూడాక్షేపణలు చెప్పుదురు. ఇవి కూడు పెట్టవనునది మొదటిది. పిల్లలను వాచాలురను జేయుననునది రెండవది. దైవభక్తిని జెఱచుననునది మూడవది.

మొదటి యాక్షేపణకు సమాధానముగా నొక చరిత్రను జెప్పెదము. 1888వ సంవత్సరమున తిరుత్తణిలో నొక సామాన్యమైన తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రమును గైకొనుటకు గొప్ప సంకల్పమేదియు గారణము గాదు. పట్టపరీక్ష ముగించిన బంధువొకడు తన పాఠ్యపుస్తకములను మూడింటిని ఆయన కుచితముగా నిచ్చెను. అవి స్టౌట్ పండితుని మనశ్శాస్త్రము, వెల్టన్ పండితుని తర్కశాస్త్రము, మెకంజీ పండితుని నీతిశాస్త్రము. కొనుటకు డబ్బు చాలని బాలునకు దొరకిన యా పాతపుస్తకములే ఆయన మార్గమును నిర్ణయించెను. వేదాంతమునందు నీతికి చోటు లేదని క్రైస్తవ విమర్శకులు చేయు నాక్షేపణ ఆయన మనస్సును గాయపఱచెను. ఆయన కోపముతో బదులు చెప్పలేదు. వారివద్ద నేర్చుకొన్న తర్కముతోనే వేదాంతనీతిని గూర్చి ప్రబంధమును వ్రాసి 1908లో ప్రకటించెను. అప్పటి కాయన వయస్సు ఇరువది యేండ్లు. ఆయనయే పిదప 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగను, 1962 మొదలు 1967 వఱకు భారత రాష్ట్రపతిగను నుండెను.

కావున తర్కము చదివినవారందఱు రాష్ట్రపతు లగుదురని మేము చెప్పుట లేదు. ఒక్క దృష్టాంతమునుండి సర్వసామాన్యమైన నియమమును లాగుట దోషమని ఆ తర్కపుస్తకమే చెప్పును. మేము చూపదలచిన దింతమాత్రమే: అవమానము గలిగినచోట కేక వేయుటకు బదులు విచారము చేయు శక్తి యీ చదువువలన గలుగవచ్చును. అట్టి శక్తికి జీతము లేకపోవచ్చును గాని విలువ లేదనరాదు.

ఇంతకు తర్కము నేర్పునదేమి? ఇది పడమటినుండి వచ్చిన విద్యయని యనుకొనువారు గలరు. 17వ శతాబ్దివాడగు మన యాంధ్రుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును భారతదేశమందంతటను విద్యార్థులు ప్రథమపాఠముగా జదువుచు వచ్చిరి. కొండమీద నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ యుండుటచేత ననుట హేతువు. ఎచ్చట పొగ యుండునో అచ్చట నిప్పుండును, వంటయింటియందువలె ననుట ఉదాహరణము. ఈ కొండయు నట్టిదే యనుట ఉపనయము. కావున కొండమీద నిప్పున్నదనుట నిగమనము. గ్రీకు దేశపు అరిస్టాటిల్ మూడవయవములతో దీర్చిన పనిని మనవారు అయిదవయవములతో దీర్చిరి. వాదియు ప్రతివాదియు నొప్పుకొను దృష్టాంతమును జూపవలయునని పట్టుపట్టుట మన నైయాయికుల విశేషము.

అయితే యీ వాక్యమునే తిరుగవేసి, నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననిన తప్పగును. ఎఱ్ఱగా గాలిన యినుపముద్దయందు నిప్పున్నది, పొగ లేదు. నిప్పునకు పచ్చికట్టె తోడైనప్పుడే పొగ పుట్టును. మనము చూడక విడిచిన యీ పచ్చికట్టెకే శాస్త్రమున ఉపాధియని పేరు. చదువుకొన్న కోడలు అత్తమామలను జూడదని యరుగులమీద గూర్చుండి తీర్పు చెప్పువారిని మీరెఱుగుదురు. చదువుకొని అత్తమామలను గన్నతలిదండ్రులవలె జూచుకొను కోడండ్రు లేరా? అక్షరము రాకయే యిల్లు రెండుగా జీల్చినవారు లేరా? ఉన్నయెడల, కలహమునకు గారణము చదువు గాదు. పచ్చికట్టె వేఱొకచోట నున్నది. ఆమెను మనిషిగా జూడని యత్తింటివారి నడతయే యది కావచ్చును. ఈ చిన్నపాఠము మనస్సున నాటుకొన్న విద్యార్థి, ఒక జాతిని గూర్చి గాని, మతమును గూర్చి గాని, స్త్రీలను గూర్చి గాని నోటికి వచ్చినట్లు మాటలాడుటకు జంకును. తర్కమువలన గలుగు మొదటి ఫల మీ జంకే.

ఇక రెండవ యాక్షేపణ. తర్కము పిల్లలను వాచాలురను జేయుననుట పూర్తిగా నసత్యము గాదు. ఈ యపాయమును న్యాయశాస్త్రకర్తలే యెఱిగి సంభాషణమును మూడు విధములుగా విభజించిరి. సత్యమును దెలిసికొనుటకై చేయునది వాదము. గెలుచుటకై చేయునది జల్పము. తనకొక పక్షమే లేక యెదుటివాని పక్షమును పడగొట్టుటకై చేయునది వితండ. మూడింటియందును బుద్ధిబల మొక్కటియే. భేద ముద్దేశమునందే యున్నది. ఉద్దేశము మంచిదా చెడ్డదా యని తూచుట తర్కమునకు జేతగాదు. అది నీతిశాస్త్రము చేయవలసిన పని. కావుననే యీ రెండు శాస్త్రములను జంటగా నేర్పుట యుక్తము.

మేము న్యాయవాదులము. మా పక్షమునకు బలము చేకూర్చు వాక్యములను వెదకుట మా వృత్తి. అందు దోషము లేదు. ఏలయన, ఎదుటి పక్షమున మఱియొక న్యాయవాది గలడు, పైన న్యాయమూర్తి గలడు. కాని మనుష్యుని హృదయమను న్యాయస్థానమున వాదియు, న్యాయవాదియు, న్యాయమూర్తియు నొక్కడే. అచ్చట ప్రతిపక్షమున బలుకువాడు లేడు. అట్టిచోట తర్కము నేర్చినవాడు తనకు ననుకూలమైన తీర్పును సులభముగా వ్రాసికొనగలడు. చదువురానివాడు చేసిన తప్పు తప్పుగానే కనబడును. చదివినవాడు చేసిన తప్పు సిద్ధాంతమై కూర్చుండును.

వివాహమైన కొలదికాలమునకే తగవుపడి న్యాయవాదుల గడప ద్రొక్కు కుటుంబములలో పట్టభద్రులకు కొఱత లేదు. కట్నము మాట వచ్చినప్పుడు వారు చెప్పు సమాధాన మొక్కటియే: మేమడుగలేదు, వారే యిష్టపడి యిచ్చిరి. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము పుచ్చుకొనువానినే గాక యిచ్చువానిని సైతము శిక్షార్హునిగా జేసెను. అడుగకయే వివాహకాలమున నిచ్చిన కానుకలకు మాత్రము కొన్ని నియమములతో మినహాయింపు నిచ్చెను. మన విద్యావంతుల తర్కమంతయు నా సందునుండియే దూఱుచున్నది.

ఈ సమాధానమును పరీక్షింతము. న్యాయశాస్త్రమున ఛలమను దోషము గలదు. ఇతడు నవకంబళము గలవాడని యొకడనగా, క్రొత్తకంబళి యను నర్థమును విడిచి, తొమ్మిది కంబళు లెక్కడివని ప్రతివాది బుకాయించును. నవశబ్దమునకు రెండర్థము లుండుటయే వాని యూత. మన పట్టభద్రుని వాక్యమున ఇష్టమను మాటకును రెండర్థము లున్నవి. ఈయకున్నను నష్టము లేదని తెలిసి యిచ్చుట యొక యిష్టము. ఈయకున్న సంబంధము తప్పిపోవునను భయముతో పొలమమ్మి యిచ్చుట మఱియొక యిష్టము. మొదటి యర్థముతో చట్టమును దప్పించుకొని, రెండవ యర్థముతో ధనమును బుచ్చుకొనుచున్నారు. ఆ తండ్రి చిల్లిగవ్వ యీయకున్నను నీ వీ పిల్లను బెండ్లాడి యుందువా యని యడిగినచో కంబళు లెన్నియో తేలిపోవును.

తర్కము దోషమును బయలుపెట్టెను. ఇక నీతిశాస్త్ర మేమనును? జర్మను పండితుడగు కాంటు 1785లో ప్రకటించిన గ్రంథమున రెండు గీటురాళ్లను జూపెను. నీ వనుసరించు నియమము సర్వులకు నియమముగా నుండవలయునని నీవు కోరగలవా? నీవు సాటిమనిషిని సాధనముగా మాత్రమే వాడుకొనుచున్నావా? కొడుకు పెండ్లిలో బుచ్చుకొన్న చేయి కూతురి పెండ్లిలో శపించుచుండగా, ఆ నియమము సర్వులకును గావలయునని యెవడు కోరగలడు? వధువు ధనము వచ్చు ద్వారమైనప్పుడు ఆమె సాధనము గాక మఱేమి? ఆంగ్లేయుడగు మిల్లు 1863లో గ్రంథరూపమున వెలువరించిన ప్రయోజనవాదము ఫలమునుబట్టి విచారించును. అందఱి సుఖదుఃఖములను సమముగా నెంచి కూడికతీసివేతలు చేయుమనును. ఒక యింటి యాడంబరమునకై మఱియొక యిల్లు ఋణమున మునుగుట యే లెక్కకును నిలువదు. కాంటునకును మిల్లునకును పెక్కువిషయములందు పొత్తు కుదురదు. ఇచ్చట మాత్ర మిరువురిదియు నొక్కటే తీర్పు. తాతలనాటినుండి జరుగుచున్నది గదా యందురా? ఉన్నదానినుండి యుండవలసినదానికి నిష్కారణముగా దుముకుట తగదని స్కాట్లండు దేశస్థుడగు హ్యూము 1740లోనే హెచ్చరించెను.

తర్కములేని నీతియు నింతే ప్రమాదకరము. పూర్వము సహగమనమును సమర్థించినవారందఱును గర్కశులు గారు. తమ యిండ్లలో వాత్సల్యము గల తండ్రులును సోదరులును వారిలో నుండియుందురు. వారికి లోపించినది దయకంటె నెక్కుడుగా విచారము. రాజా రామమోహన రాయలు 1818లో ఆ యాచారమును గూర్చి సంవాదరూపమున నొక చిన్నగ్రంథమును వ్రాసెను. అందు సమర్థకునిచేత తన వాదమును చెప్పించి, పిదప నొక్కొక్కదానికే సమాధానమిచ్చెను. 1829 డిసెంబరు 4వ తేదీన నా యాచారము శాసనముచే నిషేధింపబడెను. ఆయనయే 1823లో గవర్నరు జనరలునకు వ్రాసిన లేఖలో, జీవితమున కక్కఱకు రాని శబ్దసూక్ష్మతలతో బాలుర యేండ్లు వ్యర్థపుచ్చవలదనియు, గణితమును ప్రకృతిశాస్త్రములను నేర్పవలయుననియు మొఱపెట్టెను. తర్కమును కత్తివలె వాడుకొన్నవాడే కత్తికి నగిషీలు చెక్కుచు గూర్చుండుటను నిరసించెను. ఇందు విరోధము లేదు.

మూడవ యాక్షేపణ భక్తిపరులది. ప్రశ్నించుట నేర్చిన బిడ్డ దేవుని విడుచునని వారి భయము. గ్రీకు తత్త్వజ్ఞుడగు ప్లేటో రచించిన యొక సంవాదమున సోక్రటీసు అడుగు ప్రశ్న యిది: పుణ్యము దేవతల కిష్టమగుటచే పుణ్యమైనదా, పుణ్యమగుటచేతనే దేవతల కిష్టమైనదా? నీతిశాస్త్ర విద్యార్థి మొదటి సంవత్సరముననే యీ ప్రశ్నను వినును. మా మట్టునకు దీనియందు భక్తికి హానియేమియు గానరాదు. పరమేశ్వరుడు సత్యస్వరూపుడైనచో సత్యమును వెదకు ప్రశ్న ఆయనను జేరకపోదు. ప్రశ్నకు బెదరి పాఱిపోవునది దైవము గాదు. దైవము పేరు పెట్టుకొన్న మన యభిప్రాయము. పరీక్షకు నిలువని విశ్వాసము పోయినచో పోవునది మన సోమరితనమే.

అయినను చదువు చాలునని మే మనము. నీతిశాస్త్రమున నూటికి నూఱు గుణములు సంపాదించినవాడు నీతిమంతుడు కానక్కఱలేదు. మనము గుణమును విచారించునది తెలిసికొనుటకు గాదు, మంచివార మగుటకనియు, ఇల్లు కట్టుచు కట్టుటయు వీణ వాయించుచు వాయించుటయు నేర్చినట్లు న్యాయమైన పనులు చేయుచునే న్యాయవంతుల మగుదుమనియు అరిస్టాటిల్ బోధించెను. కావున విద్యార్థులకు మూడభ్యాసములను సూచించెదము. ఎదుటివాని పక్షమును వాడే మెచ్చునట్లు చెప్పనిదే ఖండింపకుము. నీ వాదమునకు మూలమైన వ్యాప్తివాక్యమును కాగితముమీద బెట్టి చూచుకొనుము. నీకు లాభము దెచ్చు సిద్ధాంతమును ఇతరుల సిద్ధాంతములకంటె రెండింతలు పరీక్షింపుము. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటియే: ప్రశ్న నేర్చుటకై వేలు వ్యయపఱచి పంపిన బిడ్డ యింటికి వచ్చి ప్రశ్నించినప్పుడు నోరు మూయింపకుడు. ఆ ప్రశ్న కట్నమును గూర్చినదైనను, కులమును గూర్చినదైనను, మీ నడతనే గూర్చినదైనను వినుడు.

తైత్తిరీయోపనిషత్తున ఆచార్యుడు చదువు ముగించి పోవు శిష్యునకు మొదట సత్యమును, వెంటనే ధర్మమును ఉపదేశించును. అంతటితో నాగక, మా నడతలో మంచివానినే గ్రహింపుము, తక్కినవానిని విడువుమనును. గురువు తన్ను దాను పరీక్షకు నిలుపుకొన్న యా ధైర్యమే తర్కమునకును ధర్మమునకును గూడలి. మన పిల్లలకు విశ్వవిద్యాలయ మా పాఠమును చెప్పునుగాక! ఆ పాఠమును విను నోపిక మన గృహములకు గలుగుగాక! మన బుద్ధి మన స్వార్థమునకు న్యాయవాది గాక సత్యమునకు సాక్షియై నిలుచునట్లు సర్వసాక్షియగు పరమేశ్వరుడు మన నందఱ ననుగ్రహించుగాక!