మఠం తోటలో బఠానీలు



పదవ తరగతి చదివిన మన పిల్లలందరికీ మెండల్ పేరు తెలుసు. బఠానీ మొక్కల పాఠం పరీక్షకోసం వల్లె వేసినవారే. అయితే ఆ మెండల్ కతోలిక గురువనీ, పునీత అగస్తీను సభకు చెందిన మఠవాసి అనీ ఎంతమందికి తెలుసు? సత్యోపదేశం తరగతిలో అడిగి చూడండి.

చెక్ దేశంలోని బ్రనో నగరంలో ఆయన నివసించిన మఠం నేటికీ ఉంది. 1323లో ఒక రాణి దానిని మఠకన్యలకోసం స్థాపించింది. 1783లో అగస్తీను సభవారు అక్కడికి వచ్చారు. 1950లో కమ్యూనిస్టు ప్రభుత్వం మఠాన్ని మూసివేసింది. ఆ పాత గోడల మధ్యనే మసారిక్ విశ్వవిద్యాలయంవారు 2007లో మెండల్ మ్యూజియం నెలకొల్పారు. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వస్తుంటారు. లోపల అనువంశికత పాఠం, బయట ఆవరణలో ఆయన మొక్కలు పెంచిన గాజు ఇంటి పునాదులు, ఆ ప్రక్కనే దేవాలయం! చదువు ఎక్కువైతే బిడ్డకు విశ్వాసం పోతుందేమోనని దిగులుపడే తండ్రి ఒకసారి అక్కడ నిలబడి చూడాలి.

ఇంతకీ ఆయన చేసినదేమిటి? 1856 మొదలు 1863 వరకు సుమారు 28,000 బఠానీ మొక్కలను పెంచి పరిశీలించారు. గుండ్రని గింజల మొక్కను ముడత గింజల మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. ముడత మాయమైపోయిందనుకుంటాం. ఆ గింజలనే మళ్ళీ నాటితే గుండ్రనివి 5,474, ముడతవి 1,850 వచ్చాయి. ఇంచుమించు మూడుకు ఒకటి. ముడత గుణం పోలేదు, దాగి ఉంది. రెండు ప్రక్కలనుంచీ ఆ దాగిన గుణమే వచ్చి కలిసినపుడు బయటపడింది. దేవుడు సృష్టిని లెక్కతో, కొలతతో అమర్చాడని సొలోమోను జ్ఞానగ్రంథము 11వ అధ్యాయం బోధిస్తుంది. ఈ గురువు తోటలో కూర్చొని ఆ లెక్కనే ఒక్కొక్క గింజా చూసి వ్రాసుకున్నారు. 1866లో అచ్చయిన ఆయన వ్యాసాన్ని 1900 వరకు లోకం పట్టించుకోలేదు. అప్పటికి ఆయన చనిపోయి పదహారేండ్లు.

ఆ దాగిన గుణం సంగతి బఠానీలతో ఆగిపోదు. మన ఇండ్లలో మేనరికాలున్నాయి గదా! అక్క కూతురికీ మేనమామకూ వంశబీజాలలో సగటున నాలుగో వంతు ఒకటే. మేనత్త, మేనమామ బిడ్డలకు ఎనిమిదో వంతు. ఒకే తాత నుంచి వచ్చిన దాగిన లోపం అటునుంచీ ఇటునుంచీ బిడ్డను చేరే అవకాశం అక్కడ పెరుగుతుంది. పుట్టే బిడ్డలలో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు, నిజమే. కానీ అపాయం బయటి సంబంధంలోకంటే ఎక్కువ.

శ్రీసభ చట్టం 1091వ సూత్రం ప్రకారం ఈ రెండు వరుసలలోనూ వివాహం చెల్లదు, మేత్రాసనంనుంచి మినహాయింపు లభిస్తే తప్ప. "మా తాతలనాటి వరుస ఫాదర్, ఆస్తి బయటికి పోదు, పిల్ల మా కళ్ళముందే ఉంటుంది" అని పెద్దలు విసుక్కుంటారు. ఈ నియమం మెండల్ కంటే ఎంతో పాతది. పునీత అగస్తీనువారు తమ 'దేవుని నగరం' పదిహేనవ భాగంలో దీనికి చెప్పిన కారణం వేరు. చుట్టరికం ఒక్క ఇంట్లోనే ముడిపడి ఉండరాదు, పెండ్లి వలన కొత్త కుటుంబాలకు ప్రేమ వ్యాపించాలని వారి భావం. పదునాలుగు వందల ఏండ్ల తరువాత వారి సభలోని మఠవాసియే విత్తనం వైపునుంచి మరొక కారణం చూపించడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇప్పటికే మేనరికం చేసుకొని, లోపంతో పుట్టిన బిడ్డను పెంచుతున్న తల్లులు మన విచారణలలో ఉన్నారు. వారిని ఎవరూ నిందించవద్దు. గుడ్డివానిగా పుట్టినవానిని చూసి, ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వానిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నారు ప్రభువు (యోహాను 9). బఠానీ గింజకు ముడత రావడంలో ఏ మొక్క తప్పు ఉంది?

దగ్గరి సంబంధం మాట్లాడుకొనే కుటుంబాలు నిశ్చితార్థానికి ముందే మీ విచారణ గురువులను, వైద్యులను కలవండి. శుభలేఖలు అచ్చయ్యాక వస్తే ఎవరికైనా చెప్పడం కష్టం.