నీళ్ళ గిన్నె ముందు మన ఈమాన్

మనలో నాలుగక్షరాలు చదువుకున్న ప్రతి ముస్లింకీ ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. ఆఫీసులోనో, ఇరానీ హోటల్లోనో, సభ అయిపోయాక మెట్ల మీదో. “ఇక్కడ మైనారిటీ హక్కులని ఇంత మాట్లాడతారు, మరి పాకిస్తాన్‌లో క్రైస్తవుల సంగతేమిటి?” అడిగేవాడికి కావలసింది క్రైస్తవుల క్షేమం కాదని వాడి చూపే చెబుతుంది. వాడు మన దేశభక్తికి పరీక్ష పెడుతున్నాడు. మంజీరా నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, లాహోరులో జరిగినదానికి నేనెందుకు సంజాయిషీ ఇవ్వాలి? ఆ పరీక్షకు కూర్చోవలసిన పని మనకు లేదు. ఈ మాట గట్టిగానే చెప్పాలి.

అయితే అడిగేవాడి బుద్ధి వంకరైతే ప్రశ్న అబద్ధమైపోదు. వాడికి జవాబు చెప్పక్కర్లేదు, మనకు మనం చెప్పుకోవాలి. భారతీయులుగా కాదు, ముస్లింలుగా.

పాకిస్తాన్ పంజాబ్‌లో, షేఖుపురా జిల్లాలో ఇట్టన్‌వాలి అనే ఊరుంది. 2009 జూన్‌లో ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీ అక్కడ తోటి ఆడవాళ్ళతో కలిసి ఫాల్సా పళ్ళు కోస్తోంది. దాహమైతే నీళ్ళు తెచ్చింది. నీ చేతి నీళ్ళు మేం తాగమన్నారు పక్కవాళ్ళు. మాటా మాటా పెరిగింది. అయిదు రోజుల తర్వాత, ఆమె ప్రవక్తను దూషించిందని కేసు నమోదైంది. ఈ నేరానికి ఉరిశిక్ష దాకా వేసే 295-సి సెక్షన్ 1986లో, జియావుల్ హఖ్ హయాంలో వచ్చింది. 2010 నవంబరులో కింది కోర్టు ఆమెకు ఉరిశిక్ష వేసింది. 2014లో లాహోర్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. చివరికి 2018 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, సాక్షుల మాటలు ఒకదానికొకటి పొసగడం లేదని చెప్పి, ఆమెను నిర్దోషిగా వదిలిపెట్టింది. అప్పటికి తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. 2019లో ఆమె సొంత దేశం వదిలి కెనడా వెళ్ళిపోవలసి వచ్చింది.

ఆ నీళ్ళ గిన్నె దగ్గర కాస్త ఆగుదాం. ఇస్లాంలో అంటూ ముట్టూ లేదని, ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటామని, ఒకే సఫ్‌లో నిలబడతామని గర్వంగా చెప్పుకుంటాం. మరి ఆమె చేతి నీళ్ళు ఎందుకు పనికిరాకుండా పోయాయి? పంజాబీ క్రైస్తవుల్లో చాలామంది ఒకప్పుడు ఊళ్ళు ఊడ్చిన కులాలవాళ్ళు. మతం మారినా ఊరి కళ్ళకు కులం మారలేదు. మన దగ్గర మాల మాదిగలు చర్చికి వెళ్ళినా ఊరికి వాడవాళ్ళుగానే మిగిలిపోయినట్టు. 1985లో కారంచేడు గొడవ కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది. మాదిగలు హతమయ్యారు. దేశం వేరు, మతం వేరు, ఆ నీళ్ళ లెక్క మాత్రం ఒకటే. ఆ పళ్ళతోటలో ముందు మాట్లాడింది కులం. మతం తర్వాత దానికి తొడిగిన చొక్కా. దళితుల పక్కన నిలబడతామనే ముస్లింలం ఈ సంగతి అందరికన్నా ముందు మనమే గుర్తుపట్టాలి.

ఆమెను జైల్లో కలిసి, క్షమాభిక్ష కోసం మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరి 4న ఇస్లామాబాద్‌లో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. హంతకుణ్ణి కోర్టుకు తెస్తే కొందరు వకీళ్ళు అతని మీద గులాబీ రేకులు చల్లారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 2న, మైనారిటీల మంత్రి షహబాజ్ భట్టీని చంపేశారు. ఆయన కేథలిక్కు. ప్రాణానికి ముప్పుందని తెలుసు. తన విశ్వాసం కోసం, తనవాళ్ళ కోసం చనిపోవడానికి సిద్ధమేనని ముందే వీడియోలో చెప్పి పెట్టారు. ఆ మాటల్లో ఎవరినీ చంపే ఊసు లేదు.

చావడానికి సిద్ధపడటం, చంపడానికి సిద్ధపడటం, దూరం నుంచి చూస్తే రెండూ తెగింపులాగే ఉంటాయి. కానీ భట్టీకి తన దేవుడి మీద నమ్మకం ఉంది. తసీర్‌ని చంపినవాడికి అదే లేదు. తన తుపాకీ లేకపోతే అల్లా గౌరవం, రసూల్ గౌరవం నిలబడవనుకున్నాడు. అంతకన్నా పెద్ద అపనమ్మకం ఏముంటుంది?

ఇంకొక సంగతి. తసీర్ ముస్లిం. ఆసియా తరఫున వాదించిన సైఫుల్ ములూక్ ముస్లిం. ఆమెను నిర్దోషి అన్న ముగ్గురు జడ్జీలూ ముస్లింలే. ఆ జడ్జీల్ని చంపాలని రోడ్ల మీద అరిచినవాళ్ళూ ముస్లింలే. కాబట్టి ఇది ఇస్లాంకీ క్రైస్తవానికీ మధ్య తగాదా అనేవాళ్ళ మాట నమ్మక్కర్లేదు. గీత మన మధ్యలోంచే పోతోంది. ఎటువైపు నిలబడతామో తేల్చుకోవలసింది మనమే.

మన దేశంలోనూ ఒక క్రైస్తవ కుటుంబం ఇలాంటి మంటలో పడింది. 1999 జనవరి 22 రాత్రి ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో, కుష్టు రోగులకు సేవ చేసే గ్రాహం స్టెయిన్స్‌నీ, పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ బండిలో నిద్రపోతుండగా గుంపు తగలబెట్టింది. చంపినవాళ్ళను క్షమిస్తున్నానన్నారు ఆయన భార్య గ్లాడిస్. 2004 దాకా ఇక్కడే ఉండి ఆ సేవ కొనసాగించారు. అది ఆమె సొంత విశ్వాసం. ఎవరూ అడిగితే వచ్చింది కాదు. ఆమె క్షమించారని ప్రభుత్వం కేసు మూసెయ్యలేదు. దారాసింగ్‌కు శిక్ష పడింది. రెండూ జరగవలసినవే. 1992 తర్వాత, 2002 తర్వాత “జరిగిందేదో జరిగింది, మర్చిపోండి” అని మనకు హితబోధ చేసిన పెద్దమనుషులు ఈ తేడా గమనించాలి. క్షమ బాధితులు ఇస్తే ఇవ్వాలి. మధ్యవాళ్ళు దాన్ని వసూలు చెయ్యకూడదు.

మనోహర్‌పూర్ మంటలో మనల్ని మనం చూసుకున్నాం. గ్లాడిస్ దేవుడెవరని అడగలేదు. షేఖుపురా కూలీని మాత్రం ఎందుకడగాలి?

మక్కాలో మొదటి ముస్లింలు పిడికెడుమంది మైనారిటీ. హింస తట్టుకోలేక కొందరు క్రీస్తుశకం 615 ప్రాంతంలో సముద్రం దాటి హబషా వెళ్ళారు. వాళ్ళను తమకు అప్పగించమని మక్కా పెద్దలు మనుషుల్ని పంపారు. జాఫర్ లేచి నిలబడి, ఈసా తల్లి పేరు మీదున్న మరియం సూరాలోంచి చదివి వినిపించారు. రాజు నజాషీ వాళ్ళను అప్పగించలేదు. ఆయన తర్వాత ఇస్లాం తీసుకున్నారని మనవాళ్ళు చెబుతారు. కానీ మనవాళ్ళు ఆశ్రయం కోరి వెళ్ళిన రోజున ఆయన క్రైస్తవుడు. ఆయన పోయారని తెలిసి ప్రవక్త మదీనాలోనే జనాజా నమాజు చదివించారు. ఒక క్రైస్తవుడి నీడలో బతికి బయటపడ్డ ఉమ్మత్ మనది. ఆ బాకీ ఇంకా తీరలేదు.

సహనం అనే మాట నాకెందుకో చాలదనిపిస్తుంది. పంటినొప్పినీ సహిస్తాం, దోమల్నీ సహిస్తాం. ఉర్దూలో రవాదారీ అంటారు. రవా అంటే తగినది, చెల్లేది. నాకు నా నమాజు ఎంత చెల్లుతుందో, పక్కింటి ఆమెకు ఆమె ప్రార్థన అంత చెల్లుతుందని ఒప్పుకోవడం రవాదారీ. నాకు ఇక్కడ కావలసింది కూడా అదే. నన్ను ఓర్చుకోమని నేను ఎవరినీ అడగడం లేదు. మైనారిటీ అనేది మనం నిలబడ్డ చోటును బట్టి వచ్చేది. వాఘా దాటితే నా పేరే మెజారిటీ పేరు. ఇక్కడ నేను అడిగే న్యాయం అక్కడ ఇంకొకరికి దక్కకపోయినా ఫరవాలేదనుకుంటే, నేనడిగింది న్యాయం కాదు, నా వంతు మాత్రమే.

జుమా రోజు మన దువాలో ఫలస్తీన్ పేరు వస్తుంది, రావాలి కూడా. 2008లో కాలిన కంధమాల్ చర్చిల పేరు, 2023 ఆగస్టులో పాకిస్తాన్‌లోని జరాన్‌వాలాలో కాలిన చర్చిల పేరు, నీళ్ళు తెచ్చినందుకు తొమ్మిదేళ్ళు జైల్లో ఉన్న ఆ కూలీ పేరు కూడా రావాలి. మన దువాలో చోటు లేనివాళ్ళకు మన ఉద్యమంలో చోటుందంటే ఎవరు నమ్ముతారు?