శుక్రుడి శాపం ఎప్పుడు వచ్చింది?

పదిహేనేళ్ల కుర్రాణ్ణి అర్ధరాత్రి ఆసుపత్రికి మోసుకొస్తారు. ఒళ్లంతా సారా వాసన, చొక్కా నిండా వాంతి, పిలిస్తే పలకడు. ఒడిశా కొండల్లోని లమ్తపుట్ లాంటి చోట అలాంటి రాత్రి గుమ్మం దగ్గర ఎవరో ఒకరు అనే మాట మనకు తెలిసిందే: చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా! అన్నవాళ్లు దుర్మార్గులేం కాదు. కర్మ మీద మనకున్న నమ్మకం నిత్యవ్యవహారంలో ఇలాగే బయటపడుతుంది. కానీ దాని వెనక ఒక గట్టి ప్రశ్న ఉంది. పాము కరిచినవాడికీ, చేజేతులా తాగి పడిపోయినవాడికీ వైద్యం మీద ఒకే హక్కు ఉంటుందా? ఉంటుందనే నా వాదన. పిల్లవాడు అమాయకుడని కాదు, దయ గొప్పదనీ కాదు. వాడు దానికి తగినవాడా కాదా అన్న విచారణ ఆ మంచం దగ్గర మొదలుపెడితే ధర్మమూ దక్కదు, రోగమూ తెలియదు.

రోగం సంగతే ముందు చూద్దాం. కొరాపుట్, రాయగడ కొండలు మలేరియాకు పేరుపడ్డవి. మారుమూల ఊళ్ల కోసం ఒడిశా ప్రభుత్వం ‘దమన్’ పేరుతో 2017లో ప్రత్యేక కార్యక్రమం పెట్టవలసి వచ్చింది. ఫాల్సిపరం మలేరియా మెదడుకెక్కితే మనిషి తూలతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, స్పృహ తప్పుతాడు. సంతలో దొప్పెడు జీలుగు కల్లు తాగిన పిల్లవాడికి అదే రోజు మెదడు మలేరియా రాకూడదన్న నియమం ఎక్కడా లేదు. తాగి బండి మీంచి పడ్డవాడి తలలోపల నెత్తురు కారుతుంటే, ఆ మగతను కూడా సారా ఖాతాలోనే రాసేస్తారు. పిల్లల కాలేయంలో చక్కెర నిల్వ పెద్దవాళ్లకున్నంత ఉండదు. మద్యం కొత్త చక్కెర తయారీకి అడ్డుపడుతుంది. ఖాళీ కడుపుతో తాగితే రక్తంలో గ్లూకోజు పడిపోయి ఫిట్స్ రావచ్చు, మెదడు దెబ్బతినవచ్చు. వేలికొస నుంచి ఒక్క చుక్క తీసి చూస్తే నిమిషంలో తేలే విషయం అది. కొరాపుట్ పీఠభూమి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. పుష్యమాసపు రాత్రి మత్తులో ఆరుబయట పడి ఉన్న ఒంట్లోంచి వేడి వేగంగా పోతుంది. చివరి గుక్క తాగాక కూడా కొంతసేపు రక్తంలో మద్యం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ‘పడుకోనీ, పొద్దున్నే లేస్తాడు’ అనడం ప్రమాదం. వెల్లకిలా వదిలేస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి కాపలా కాయాలి. మజ్జిగ, కాఫీ, నెత్తిన చన్నీళ్లు, ఇవేవీ రక్తంలోని మద్యాన్ని తగ్గించవు. తాగాడన్నది ఆ గదిలో ఒక సమాచారం మాత్రమే. దాన్ని తీర్పుగా మార్చుకున్న మరుక్షణం మిగతా పరీక్షలు ఆగిపోతాయి.

ఇక ధర్మం. మన కథల్లో మద్యనిషేధానికి మూలపురుషుడు రాక్షసుల గురువు శుక్రాచార్యుడు. మహాభారతం ఆదిపర్వంలోని ఆ కథ నన్నయ నాటి నుంచీ తెలుగులో ఉంది. మృతసంజీవని నేర్చుకోవడానికి వచ్చిన కచుణ్ణి రాక్షసులు మాటిమాటికీ చంపుతారు, శుక్రుడు బతికిస్తుంటాడు. చివరికి వాళ్లు అతన్ని కాల్చి, ఆ బూడిద కలిపిన మద్యాన్ని శుక్రుడి చేతే తాగిస్తారు. కూతురు దేవయాని ఏడుపు విని పిలిస్తే, శిష్యుడు గురువు కడుపులోంచే పలుకుతాడు. శుక్రుడు అతనికి విద్య ఉపదేశిస్తాడు. కచుడు పొట్ట చీల్చుకుని బయటికొస్తాడు, గురువు ప్రాణం పోతుంది. నేర్చిన విద్యతో కచుడు గురువును బతికిస్తాడు. మద్యం తాగరాదన్న కట్టడి, శాపం ఆ తర్వాతే. ఈ కథలో తాగినవాడు కచుడు కాదు, శుక్రుడు. ఆ మత్తుకు బలైనవాడే తాగినవాణ్ణి బతికించాడు. విద్య చేతికొచ్చింది కదా అని దాటిపోవచ్చు. ఇంతకు ఇంత అనుకోవచ్చు. కచుడు అలా చెయ్యలేదు. శపించడానికైనా శుక్రుడికి ముందు ప్రాణం ఉండాలి కదా.

ఇది పురాణంలోనే ఆగిపోయిన ఆలోచన కాదు. సురాపానాన్ని మహాపాతకాల్లో చేర్చిన సమాజంలోనే చరకసంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయాన్ని పూర్తిగా మదాత్యయానికి, అంటే తాగుడు తెచ్చిపెట్టే రోగానికి, కేటాయించింది. కొన్ని సందర్భాల్లో తగిన మోతాదులో మద్యాన్నే మందుగా చెప్పింది కూడా. ఆధునిక వైద్యంలోనూ వేరే కారణంతో అలాంటి విచిత్రం ఒకటి ఉంది. కల్తీసారాలోని మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. ఆ మార్పును ఆపడానికి ఇచ్చే విరుగుళ్లలో మామూలు మద్యం, ఇథనాల్, ఒకటి. 1992లో కటక్‌లో కల్తీసారా రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. మద్యాన్ని పాపమని తప్ప మరోలా చూడలేనివాడు అలాంటి రాత్రి విరుగుడును కూడా అనుమానిస్తూ నిలబడిపోతాడు.

బలవంతంగా ఎవరూ పొయ్యలేదే, తానే తాగాడు కదా అని అడగవచ్చు. ఈ అభ్యంతరం పాతది. గ్రీకు నగరం మిటిలీనీలో పిట్టకస్ అనే పాలకుడు, తాగి చేసిన నేరానికి రెట్టింపు శిక్ష విధించాడు. తాగకుండా ఉండటం వాడి చేతిలోనే ఉంది కాబట్టి మత్తు సాకు కాదని అరిస్టాటిల్ కూడా ఒప్పుకున్నాడు. పెద్దవాడి విషయంలో, న్యాయస్థానంలో, ఆ వాదన నిలుస్తుంది. మంచం దగ్గర మాత్రం నిలవదు. మత్తులో ఉన్న పిల్లవాడు సూది వద్దని చెయ్యి విదిలిస్తే, వాడు ఒళ్లు తెలిసి మాట్లాడటం లేదని ఆ ‘వద్దు’ను పక్కన పెడతాం. మంచి ఉద్దేశంతో అలా చేసేవారిని చట్టం కూడా కాపాడుతుంది. అదే నోటితో వాడు నర్సును తిడితే ‘చూడండి పొగరు’ అంటాం. ఒకే నిమిషంలో తెలివిలేనివాడినీ, పూర్తి బాధ్యుడినీ చెయ్యడం కుదరదు. పైగా 2015 నాటి బాలల న్యాయచట్టం 77వ సెక్షను పిల్లలకు మద్యమో మత్తుమందో ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆ సెక్షను లెక్కలో గ్లాసు అందించినవాడే నేరస్తుడు.

ఉన్న ఒక్క మంచం తాగినవాడికిస్తే పురిటినొప్పులతో వచ్చిన ఆడమనిషి ఎక్కడికి పోవాలి? ఇది పిట్టకస్ వాదన కన్నా బరువైన ప్రశ్న, ఎందుకంటే ఈ కొండల్లో అది ఊహ కాదు. నా జవాబు: వరస పెట్టవలసిందే, కానీ ప్రమాదాన్ని బట్టి పెట్టాలి. తూలుతూ పాటలు పాడేవాడు బెంచీ మీద కూర్చుని ఎదురుచూడాలి. ఊపిరి నెమ్మదించినవాడు ఎదురుచూడకూడదు. పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు, ప్రాణం కాపాడటం ప్రతి డాక్టరు మొదటి బాధ్యత అన్నప్పుడు, గాయపడినవాడు దోషా నిర్దోషా అన్న తేడా పెట్టలేదు. ఇలా అక్కున చేర్చుకుంటే ఇంకా తాగుతారన్న భయం కూడా కొందరికి ఉంది. స్పృహలేనివాడు ఏ పాఠమూ నేర్చుకోడు. సారా మీద కోపం తప్పని నేననడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల కోపం ఆంధ్రప్రదేశ్‌నే కదిలించింది. కానీ వాళ్లు వెళ్లింది సారా దుకాణాల మీదికి, వేలంపాటల మీదికి.

ఇక్కడి గదబ, పరజ, బొండా ఊళ్లలో కల్లు, ఇప్పసారా పెద్దలకూ దేవతలకూ పోసే నైవేద్యం కూడా. దాన్ని పాపమనడానికి బయటివాళ్లకు అధికారం లేదు. ఆచారం కదా అని పిల్లవాడి నీలిరంగు పెదాలను చూసీ చూడనట్టుండే అధికారమూ ఎవరికీ లేదు. మత్తు గంజాయిదైతే చట్టం భయం కూడా చేరి చిక్కు మరింత ముదురుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షను, తానై చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి చిన్న నేరాల్లో రక్షణ ఇస్తుంది. కానీ ఆ రాత్రి వచ్చేవాడు వ్యసనపరుడు కాకపోవచ్చు, తానై రాడు కూడా. మరో పదహారేళ్లవాడు మోసుకొస్తాడు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాణ్ణి చేర్చినవారికి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షను అండగా ఉంది. మత్తులో పడిపోయిన స్నేహితుణ్ణి భుజాన వేసుకొచ్చినవాడికి ఆ సెక్షను వర్తించదు. ఏం తాగాడో, ఎంత తాగాడో, ఎప్పుడు తాగాడో డాక్టరుకు చెప్పగలిగేది ఆ ఒక్కడే. ‘నువ్వెవరు, నీ పేరేంటి, నువ్వూ తాగావా’ అన్న ప్రశ్నలు ముందొస్తే, వాడు స్నేహితుణ్ణి గుమ్మం దగ్గర దించి చీకట్లో పారిపోతాడు.