ద్వారముపై వ్రాత

దేవాలయ ద్వారముపై వ్రాసిన వ్రాత యెవరికొరకు? వ్రాయించిన దాతకొరకా, లోనికి వచ్చువానికొరకా? ఈ ప్రశ్న శిల్పికి సంబంధించినట్లు తోచును గాని, నిజమునకు ధర్మమునకు సంబంధించినది.

శ్రీకాకుళమునకు సమీపమున నున్న శ్రీకూర్మములో స్వామి పడమటి ముఖముగా నుండుటచే తూర్పున నొకటి, పడమట నొకటి రెండు ధ్వజస్తంభములు గలవు. ఏ దిక్కునుండి వచ్చినవానికైనను ఎదురుగా నొక స్తంభము నిలిచియుండును. అచ్చటి రాతిస్తంభములు శాసనములతో నిండియున్నవి. మధ్వాచార్యుల శిష్యులగు నరహరితీర్థులు కూర్మనాథుని యెదుట యోగానంద నృసింహునకు ఆలయము కట్టించిరని 1281వ సంవత్సరపు శాసనము తెలుపుచున్నది. తక్కిన వానిలో పెక్కు అఖండదీపములకై చేసిన దానములను చెప్పును.

న్యాయవాదినగు నేను వీనిని దానపత్రములవలె చదువుచుందును. దానపత్రమున ముఖ్యముగా చూడవలసినది దాత యెవరని కాదు, దానఫలము ఎవరికి చెందునని. దీపము పెట్టినవాడు దాని వెలుతురును కొందరి కన్నులకు మాత్రమే యిచ్చితినని వ్రాయజాలడు. దానము ఆచంద్రార్కము నిలువవలెనని కోరినవాడు సూర్యచంద్రులను సాక్షులుగా పిలిచినవాడే. ఆ సాక్షులు ఏ వాడనైనను విడిచి ప్రకాశింతురా? ద్వారముపైని గోపురమును మనవారు గాలిగోపురమందురు. గాలి యెవరి గోత్రము నడిగి లోనికి పోవును?

అయినను గాలి పోయిన వాకిట మనుష్యుడు నిలిచిపోయెను. మన దేశమున ఎన్నో గుడుల గడపలు తరతరములు కొందరికి దాటరానివై యుండెను. 1947లో మద్రాసు రాష్ట్రమున చేయబడిన దేవాలయప్రవేశ చట్టము వారికి ప్రవేశము కల్పించెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతనే రద్దుచేసెను.

“పేరు చెక్కనిచో దానమెవరు చేయుదురు?” అని కొందరందురు. పేరు తుడిచివేయుడని నేననను. ఏడువందల యేండ్ల క్రిందటి దీపదాతను మనమెరుగుట ఆ వ్రాతవలననే. కాని గడప కీవల నిలువబెట్టబడినవానికి ఆ పేరు దాతృత్వమును చెప్పదు. తన బహిష్కారమునే చెప్పును.

నేడు ఊరి మొగదల స్వాగతద్వారములు కట్టి దాతల పేర్లు పెద్ద యక్షరములతో వ్రాయించుచున్నాము. స్వాగతమనునది వాగ్దానము. దాని క్రిందుగా నడచి వచ్చినవానికి పీట వేయక “నీ దే వాడ?” అని యడిగినచో, ఆ వ్రాత కూటసాక్ష్యమగును.

సోదరులారా, చట్టము తలుపు తెరచినది. తలపు తెరచుట మన పని. మన ద్వారముపై నున్న వ్రాతను బాటసారి ఒకమారు చదివి మరచును; మన మాతని నెట్లు పలుకరించితిమో బ్రతికినన్నాళ్లు మరువడు.